ఇంజను ఆగిన విమానం

ఆకాశంలో పోతున్న విమానంలో ఇంజను హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నను ఏ ఉన్నత పాఠశాల తరగతిలో వేసినా, "రాయి పడ్డట్టు పడిపోతుంది" అనే సమాధానమే ఎక్కువమంది విద్యార్థుల నుండి వస్తుంది. పెద్దలలో కూడ చాలమంది అభిప్రాయం ఇదే. ఇది సరియైన సమాధానం కాదు. అయితే ఆ భయం ఉత్త భ్రమ అని కొట్టివేయడానికి కూడ వీలులేదు. ఇంజను ఆగిన విమానాలు క్షేమంగా దిగినవీ ఉన్నాయి, కూలి మనుష్యులను బలిగొన్నవీ ఉన్నాయి. ఈ రెంటికీ గల భేదం ఎక్కడ ఉన్నది? మానవుడు నూరేళ్ళకు పైగా ప్రాణాలొడ్డి ఈ ప్రశ్నకు సమాధానం నేర్చుకున్నాడు. ఆ చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకొందాం.

బళ్ళారిలో దిగిన తపాలా విమానం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వారికి ఈ చరిత్ర దూరదేశపు కథ కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరే వరకు ఇవి బళ్ళారి జిల్లాలోనివి. టాటా సంస్థ నడిపిన మొదటి తపాలా విమానం దిగిన ఊళ్ళలో ఆ బళ్ళారి ఒకటి.

1932 అక్టోబరు 15వ తేదీ ఉదయం జె. ఆర్. డి. టాటా సుమారు 25 కిలోగ్రాముల ఉత్తరాలతో కరాచీలో బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా మధ్యాహ్నానికి బొంబాయి చేరాడు. అక్కడ నుండి మరొక విమానంలో నెవిల్ విన్సెంట్ అనే ఆయన బళ్ళారి మీదుగా మద్రాసుకు తపాలా తీసుకొనిపోయాడు. ఆనాడు రాత్రివేళ విమానం దిగడానికి దీపాల ఏర్పాట్లు లేవు. కావున అతడు బళ్ళారిలో రాత్రి గడిపి మరునాడు మద్రాసు చేరాడు.

ఆ విమానాల పేరు పుస్ మాత్. ఇంగ్లండులోని డి హావిలాండ్ సంస్థ తయారు చేసినవి. ఒక్కొక్కదానికి ఉన్నది ఒకే ఇంజను. దాని శక్తి సుమారు 120 అశ్వసామర్థ్యం. ఈనాడు మన రోడ్లపై తిరిగే మంచి కార్లలో అంతటి ఇంజన్లు ఉన్నాయి. విమానంలో రేడియో లేదు. క్రింద కనపడే రైలుపట్టాలను, నదులను, కొండలను గుర్తు పెట్టుకొని వైమానికుడు దారి చూచుకొనేవాడు. అహమ్మదాబాదులో ఈ విమానానికి కావలసిన పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి! డబ్బాలో నీటిచుక్క ఉంటే ఇంజను ఆగుతుంది. కావున ఆ రోజులలో పెట్రోలును మెత్తని తోలుగుడ్డ గుండా వడపోసి పోసేవారు. ఆ తోలు పెట్రోలును పోనిస్తుంది, నీటిని ఆపుతుంది.

బొంబాయి నుండి బళ్ళారికి నేరుగా 600 కిలోమీటర్లు దాటుతుంది. అనగా పుస్ మాత్ వేగంతో సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఆ నాలుగు గంటలూ వైమానికుని ప్రాణం, ఉత్తరాల సంచి, నాలుగు సిలిండర్ల ఇంజనుపై ఆధారపడి ఉండేవి. మరి అది ఆగితే?

ఇంజను కంటె ముందే పుట్టిన విద్య

మానవుడు మొదట ఎగిరింది ఇంజనుతో కాదు అనే విషయం మనం మరచిపోతుంటాం. జర్మనీ దేశస్థుడైన ఒట్టో లిలియెంతాల్ 1890 తరువాతి సంవత్సరాలలో, రెక్కలు కట్టుకొని గుట్టల మీద నుండి గాలిలో జారుతూ అనేక పర్యాయాలు ఎగిరాడు. రైటు సోదరులు కూడ 1900 నుండి 1902 వరకు ఇంజను లేని గ్లైడర్లతోనే సాధన చేశారు. విమానాన్ని అదుపు చేయడం వచ్చిన తరువాతనే, 1903 డిసెంబరు 17వ తేదీన, 12 అశ్వసామర్థ్యం గల ఇంజను పెట్టి ఎగిరారు. మొదటిసారి వారు గాలిలో నిలిచింది 12 సెకండ్లు.

దీనిలోని శాస్త్రం సులభమైనది. విమానాన్ని పైకి ఎత్తి పట్టేది ఇంజను కాదు, రెక్కలు. రెక్క గాలిని చీల్చుకొని ముందుకు పోతుంటే, గాలి క్రిందికి త్రోయబడుతుంది. దానికి ప్రతిచర్యగా రెక్క పైకి ఎత్తబడుతుంది. ఇంజను పని ఆ ముందుకు పోయే వేగాన్ని నిలపడం మాత్రమే. ఇంజను ఆగితే, వైమానికుడు విమానం ముక్కును కొంచెం క్రిందికి వంచుతాడు. అప్పుడు గురుత్వాకర్షణ ఇంజను చేయవలసిన పనిని చేస్తుంది. పల్లంలో సైకిలు తొక్కకుండా పోయినట్లు, విమానం తన ఎత్తును ఖర్చు పెట్టి వేగాన్ని కొనుక్కొంటూ జారుతుంది.

ఈనాటి చిన్న విమానాలలో ప్రసిద్ధమైన సెస్నా 172 ఇంజను లేకుండ ఒక మీటరు దిగేలోగా సుమారు 9 మీటర్లు ముందుకు పోతుంది. దీనిని మన ఊళ్ళకు అన్వయించి చూద్దాం. ఆదోనికి, ఎమ్మిగనూరుకు మధ్య నేరుగా కొలిస్తే దూరం సుమారు 27 కిలోమీటర్లు. ఆదోని కోట కొండలపై, నేలకు 1,000 మీటర్ల ఎత్తున ఇంజను ఆగిందనుకొందాం. గాలి వీయకపోతే ఆ విమానం 9 కిలోమీటర్లు పోగలదు. ఎమ్మిగనూరు చేరదు. చేరాలంటే ఆదోనిపై అది 3,000 మీటర్ల ఎత్తున ఉండాలి. 1,000 మీటర్ల ఎత్తు నుండి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో జారితే, నేల తగిలేలోగా వైమానికునికి నాలుగున్నర నిమిషాల కాలం ఉంటుంది. అదే 100 మీటర్ల ఎత్తున ఇంజను ఆగితే, అతనికి మిగిలేవి 27 సెకండ్లు, 900 మీటర్లు. ఎత్తే వైమానికుని ధనం అని దీనివల్ల తెలుస్తున్నది.

సముద్రంలో దిగినవారు

ఎగురుతున్న విమానంలో ఇంజను ఆగి లోకమంతటికీ తెలిసిన మొదటి ఉదంతాలలో ఒకటి 1909లో జరిగింది. ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య ఉన్న సముద్రాన్ని విమానంలో దాటాలని హ్యూబర్ట్ లాథం అనే వైమానికుడు జూలై 19వ తేదీన బయలుదేరాడు. కొంత దూరం పోగానే ఇంజను మొరాయించింది. అతడు కంగారు పడలేదు. విమానాన్ని జారనిచ్చి మెల్లగా నీటిపై దించాడు. ఫ్రెంచి నౌక వచ్చేసరికి, తేలుతున్న విమానంపై కూర్చొని సిగరెట్టు కాలుస్తున్నాడట! ఆరు రోజుల తరువాత బ్లేరియో ఆ సముద్రాన్ని దాటి కీర్తి పొందాడు. లాథం ఓడిపోయాడు, కాని ఇంజను ఆగినా మనిషి బ్రతకవచ్చునని లోకానికి చూపాడు.

1919 మే నెలలో హారీ హాకర్, మెకెంజీ గ్రీవ్ అనే ఇద్దరు ఒకే ఇంజను గల విమానంలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటబోయారు. ఇంజనును చల్లార్చే నీటి మార్గంలో చెత్త అడ్డుపడి ఇంజను మితిమీరి వేడెక్కింది. ఇది ఎక్కువసేపు పనిచేయదని గ్రహించి, ఇంజను ఇంకా తిరుగుతుండగానే, వారు క్రింద ఓడ కోసం వెదికారు. ఒక డేనిష్ ఓడ కనపడగానే దాని దగ్గర నీటిలో దిగారు. ఆ ఓడలో రేడియో లేకపోవడం చేత, వారం రోజుల పాటు వారు మరణించారనే లోకం అనుకొన్నది. రానున్న ఆపదను ముందే గుర్తించి, ఎక్కడ దిగాలో తామే నిర్ణయించుకోవడం వారిని కాపాడింది.

ఇంజన్లు రెండో మూడో ఉంటే ప్రమాదం తగ్గదా అని విద్యార్థులు అడగవచ్చు. 1927లో న్యూయార్కు నుండి పారిస్‌కు ఒంటరిగా పోయిన లిండ్‌బర్గ్ కావాలనే ఒకే ఇంజను విమానాన్ని ఎన్నుకొన్నాడు. ఎందుకు? ఒక ఇంజను దారిలో చెడే అవకాశం నూటికి ఒకటి అని ఊహించుదాం. రెండు ఇంజన్లు ఉంటే, వాటిలో ఏదో ఒకటి చెడే అవకాశం నూటికి దాదాపు రెండు అవుతుంది. ఆనాడు బరువైన పెట్రోలుతో నిండిన విమానం మిగిలిన ఇంజనుతో ఎగరలేకపోయేది. కావున రెండవ ఇంజను రక్షణ కాదు, రెట్టింపు ప్రమాదం. తరువాత ఇంజన్ల శక్తి పెరిగి, ఒకటి చెడినా రెండవదానితో ఎగరగల విమానాలు వచ్చిన మీదటనే ఈ లెక్క తారుమారయింది.

ఒక్క ప్లగ్గు కథ

ఇంజను ఎందుకు ఆగుతుంది? కారణాలు చాల ఉన్నా, పిస్టన్ ఇంజనుకు కావలసినవి మూడే: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ఈ మూటిలో ఏది లోపించినా అది ఆగుతుంది.

మొదట నిప్పురవ్వ సంగతి చూద్దాం. ఆగాఖాన్, ఇంగ్లండుకు ఇండియాకు మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయునికి 500 పౌన్ల బహుమానం ప్రకటించాడు. 1930లో జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి పడమటికి బయలుదేరాడు. పదిహేడేళ్ళ ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుండి తూర్పుకు బయలుదేరాడు. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఇద్దరూ కలిశారు. ఆస్పీ విమానం అక్కడ నిలిచిపోయి ఉన్నది. అతనికి కావలసింది ఒక స్పార్క్ ప్లగ్గు! టాటా తన దగ్గర ఉన్నది ఇచ్చాడు. పందెంలో గెలిచింది ఆస్పీ. ఆ యువకుడు తరువాత, 1960లో, భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు. అరచేతిలో ఇమిడే ఒక వస్తువు చేత విమానయానం ఎంతగా బంధింపబడి ఉన్నదో ఈ ఉదంతం చెపుతుంది. అందుచేతనే విమానపు పిస్టన్ ఇంజన్లలో ప్రతి సిలిండరుకు రెండు ప్లగ్గులు, వాటికి వేర్వేరుగా రెండు మాగ్నెటోలు పెట్టే పద్ధతి స్థిరపడింది. బ్యాటరీ చచ్చినా మాగ్నెటో తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తుంది. ఒక మాగ్నెటో చెడినా రెండవది ఇంజనును నడుపుతుంది. ఎగిరే ముందు వైమానికుడు ఈ రెంటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం నేటికీ తప్పనిసరి.

ఇక గాలి, పెట్రోలు. ఇవి రెండూ కలిసే చోటు కార్బురేటరు. దాని సన్నని గొంతు గుండా గాలి వేగంగా పోతూ పీడనం తగ్గి చల్లబడుతుంది. పెట్రోలు ఆవిరి కావడానికి కావలసిన ఉష్ణాన్ని కూడ ఆ గాలి నుండే తీసుకొంటుంది. కుండలో నీరు చల్లబడడానికి కారణమైన ధర్మమే ఇది. ఈ రెండు కారణాలచేత కార్బురేటరు లోపలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. బయట 20 డిగ్రీల సెంటీగ్రేడు ఉండి, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, లోపల మంచు గడ్డకట్టి గొంతు మూసుకొనిపోతుంది. మంచు అన్నమాట వినని పల్లెపై ఎగురుతున్న విమానం కూడ మంచు వల్ల ఆగిపోవచ్చు! దీనికి విరుగుడుగా, వేడెక్కిన పొగగొట్టం చుట్టూ త్రిప్పిన వేడి గాలిని కార్బురేటరులోకి పంపే మీటను అమర్చారు. మంచు కరగగానే ఇంజను తేరుకొంటుంది. కాని అప్పటికి కాలం మించి ఉండరాదు.

నూనె సంగతి ఒక సాహసకథ చెపుతుంది. 1935 మే నెలలో కింగ్స్‌ఫర్డ్ స్మిత్ ఆస్ట్రేలియా నుండి న్యూజిలాండుకు మూడు ఇంజన్ల విమానంలో తపాలా తీసుకొనిపోతుండగా, సముద్రం మధ్య కుడివైపు ప్రొపెల్లరు విరిగి ఆ ఇంజనును ఆపవలసివచ్చింది. ఎడమవైపు ఇంజనులో నూనె తరిగిపోసాగింది. పి. జి. టేలర్ అనే సహచరుడు ఎగురుతున్న విమానం బయటకు పాకి, ఆగిన ఇంజను నుండి నూనె తోడి తెచ్చి, రెండవ ప్రక్కకు పోయి పోశాడు. అలా ఆరు పర్యాయాలు చేశాడు. విమానం తిరిగి సిడ్నీ చేరింది.

మనిషిని కూల్చేది ఏది?

ఇంజను ఆగినంత మాత్రాన విమానం కూలదని చూచాం. మరి ప్రాణాలు ఎందుకు పోతున్నాయి? ముఖ్యమైన కారణం ఒకటి ఉన్నది. నేల దగ్గరపడుతున్నకొద్దీ, ఇంకొంచెం దూరం పోవాలనే ఆశతో మనిషి తెలియకుండానే ముక్కును పైకి ఎత్తుతాడు. రెక్క గాలికి ఎదురయ్యే కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే, రెక్కపై నున్నగా పారే గాలి చెదరిపోతుంది. ఎత్తే బలం హఠాత్తుగా పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. అప్పుడు విమానం నిజంగానే రాయివలె పడుతుంది. 1896 ఆగస్టులో లిలియెంతాల్ మరణానికి కారణం ఇదే. అతని గ్లైడరుకు చెడిపోవడానికి ఇంజనే లేదు.

రెండవ తప్పు, ఎగిరిన వెంటనే ఇంజను ఆగితే బయలుదేరిన మైదానానికి తిరిగి పోవాలనుకోవడం. మలుపు తిరగడానికి ఎత్తు ఖర్చవుతుంది. మలుపులో ఒరిగిన విమానం ఎక్కువ వేగం వద్దనే స్టాల్ అవుతుంది. ఒక రెక్క ముందు పడి విమానం గింగిరాలు తిరుగుతూ కూలుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎందరో శిక్షణార్థులు శత్రువును చూడకుండానే ఇటువంటి ప్రమాదాలలో మరణించారు. 1917లో ఇంగ్లండులోని గాస్పోర్టు వద్ద రాబర్ట్ స్మిత్-బారీ అనే అధికారి ఒక కొత్త శిక్షణ పద్ధతి ప్రవేశపెట్టాడు. ఆపదను దాచకుండా, గురువు ప్రక్కన ఉండగానే స్టాల్‌లోకి, గింగిరాలలోకి విద్యార్థిని తీసుకొనిపోయి, దానినుండి బయటపడే ఉపాయం నేర్పడం దానిలోని సారం. ఈనాటి శిక్షణ అంతా దానిపై ఆధారపడి ఉన్నది.

ఎగిరిన తరువాతి మొదటి క్షణాలు ఎంత క్లిష్టమైనవో తెలుగువారికి బాధాకరమైన అనుభవం కూడ ఉన్నది. 2004 ఏప్రిల్ 17వ తేదీన సినీనటి సౌందర్య, మరి ఇద్దరు ప్రయాణికులు, వైమానికుడు ఎక్కిన చిన్న విమానం బెంగుళూరు జక్కూరు మైదానం నుండి కరీంనగరుకు బయలుదేరింది. ఒకే ఇంజను గల సెస్నా 180 అది. లేచిన కొద్ది క్షణాలకే దగ్గరలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో కూలి దగ్ధమైంది. నలుగురూ మరణించారు. ఏ కారణం చేతనైనా సరే, అంత తక్కువ ఎత్తున విమానం అదుపు తప్పితే, దానిని సరిదిద్దుకొనే కాలం ఎవరికీ ఉండదు.

ప్రతి ప్రమాదాన్ని ఇంజను పైకి నెట్టడం కూడ శాస్త్రీయం కాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన అప్పటి కర్నూలు జిల్లా నల్లమల అడవులలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు కూలి, ఐదుగురు మరణించారు. దానికి రెండు ఇంజన్లు ఉన్నాయి. చెడు వాతావరణంలో, గేర్లపెట్టెలో నూనె పీడనం తగ్గిందన్న సూచనను గురించిన వెదకులాటలో చోదకుల దృష్టి చిక్కుకొన్నదని విచారణలో తేలింది. యంత్రం ఇచ్చే హెచ్చరిక ఎంత ముఖ్యమో, దానిని చూస్తూ విమానాన్ని నడపడం మరచిపోకుండటం అంతకంటె ముఖ్యం.

నల్లరేగడిలో దిగితే

ఇంజను ఆగిన వైమానికుడు క్రిందికి చూస్తాడు. ఆదోని చుట్టూ అతనికి రెండు రకాల నేల కనపడుతుంది: గండశిలలతో నిండిన కొండలు, ప్రత్తి చేలు గల నల్లరేగడి. ఎక్కడ దిగాలో భౌతికశాస్త్రమే చెపుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నేల తాకిన విమానం 25 మీటర్ల దూరంలో ఆగితే, లోపలి మనుష్యులపై పడే బలం దాదాపు వారి బరువుకు సమానం. నడుముకు పటకా ఉంటే దీనిని ఎవరైనా ఓర్చుకోగలరు. అదే విమానం బండకు కొట్టుకొని ఒక్క మీటరులో ఆగితే, ఆ బలం ఇరవై అయిదు రెట్లు అవుతుంది. కావున ఆగడానికి దూరం ఎక్కువ దొరికే చోటు వెదకాలి.

ఎదురుగాలికి దిగడం కూడ ముఖ్యమే. గంటకు 20 కిలోమీటర్ల గాలికి ఎదురుగా దిగితే, నేలతో పోల్చిన వేగం 80 నుండి 60కి తగ్గుతుంది. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, అది పదహారు వంతులలో తొమ్మిది వంతులకు పడిపోతుంది. గాలి ఎటు వీస్తున్నదో మిల్లు పొగ గాని, చెరువు నీటి అలలు గాని చెపుతాయి. దున్నిన చేనిలో సాళ్ళకు అడ్డంగా కాక, సాళ్ళ వెంట దిగాలి. అయితే వానలో తడిసిన నల్లరేగడి చక్రాలను బంకవలె పట్టి విమానాన్ని తలక్రిందులు చేయగలదు. అదే నేల ఎండలో గట్టిపడి బీటలు వారుతుంది. రైతుకు తెలిసిన నేల గుణం వైమానికునికి కూడ తెలియాలి.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఈ పాఠానికి విమానం అక్కరలేదు. ఒక దళసరి కాగితంతో విమానం మడచి, ముక్కుకు ఒక కాగితపు క్లిప్పు తగిలించండి. గాలి లేని వరండాలో తెలిసిన ఎత్తు నుండి మెల్లగా వదలండి. అది పోయిన దూరాన్ని ఎత్తుతో భాగించితే, జారే నిష్పత్తి వస్తుంది. పది పర్యాయాలు కొలిచి సగటు కట్టించండి. తరువాత క్లిప్పును వెనుకకు జరపండి. కాగితపు విమానం ముక్కెత్తి, క్షణం నిలిచి, దభాలున పడుతుంది. అదే స్టాల్. లిలియెంతాల్ ప్రాణం తీసిన ధర్మాన్ని విద్యార్థి కళ్ళారా చూస్తాడు.

2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం ప్రారంభమైంది. పుస్ మాత్ నాటి కంటె ఇంజన్లు ఈనాడు ఎంతో నమ్మదగినవి. కొన్ని చిన్న విమానాలకు, విమానాన్ని మొత్తంగా నేలకు దించే పారాచూట్లు కూడ ఉన్నాయి. అయినా ప్రతి శిక్షణార్థీ నేటికీ, గురువు చటుక్కున ఇంజను శక్తి తగ్గించగా, క్రింద చేను వెదకడం నేర్చుకోవలసిందే. మన జిల్లా పిల్లలలో ఎవరైనా రేపు ఆ సీటులో కూర్చొన్నప్పుడు, ఆ నాలుగున్నర నిమిషాలను ఎలా వాడుకోవాలో తెలిసి ఉండాలి. ఇంజను ఎప్పుడో ఒకప్పుడు ఆగవచ్చునని ఒప్పుకొని, ఆగక ముందే దిగవలసిన చోటు చూచి పెట్టుకొన్నవాడే మంచి వైమానికుడు.